కిటికీ మూయొద్దు మేస్త్రీ

తార్నాకల నేను అద్దెకు దిగినప్పుడు ఓనరు పేరు అడగలే. "మీరేం తింటరు?" అని అడిగిండు. ఏడాదిన్నర కిటికీలు మూసుకుని కూర వండుకున్నం. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌ల పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డయి, టియర్ గ్యాస్ వచ్చింది. "కూర కోసం ఇంత కొట్లాటా?" అన్నోళ్లు ఎన్నడూ కిటికీ మూసి వండినోళ్లు కాదు.

ఇప్పుడు అదే తార్నాకల పాత ఫ్లాటు కొన్నం. వంటిల్లు 20 ఏండ్లు నిలిచేటట్టు చేయించాలె. ఉన్న పైసలు ముందు పైపులకు, గోడల్లకు నీళ్లు దిగకుండ చేసే పనికి, సింకు కింద 710 మార్కు ప్లైవుడ్‌కు పెడుతున్నం. తలుపుల సోకు తర్వాత చూస్తం.

మేస్త్రి గట్టు 34 అంగుళాలు అన్నడు. అమ్మను నిలబెట్టి మోచేయి కాడికి కొలిచినం. ఆమెకు 30 చాలు. బతుకంతా మూడు రాళ్ల పొయ్యి కాడ కూసున్న మనిషి, ఇప్పుడన్న భుజం నొయ్యకుండ గంటె తిప్పాలె. సింకు వైపు మాత్రం 34. అంట్లు తోమేది నేను.

"కిటికీ మూస్తే నాలుగు అరలు వస్తయి సార్" అన్నడు మేస్త్రి.

నాకంటే ముందు అమ్మనే అన్నది: "అరలు లేకున్నా మంచిదే. కిటికీ మూయకు బిడ్డా."

జై భీమ్.