రోడ్డు మింగిన మెట్టు

ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో వంటింటి పని ముగించుకుని పడుకోబోతుంటే పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర. "కంగారు పడకమ్మా. పిన్ని మెట్ల మీద తూలి పడింది. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేయించి ఇంటికి తీసుకొచ్చేశాం" అన్నాడు. తెల్లవారుజామున అమ్మ వాకిట్లో ముగ్గు వేయడానికి దిగుతూ పడిందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే ఆ మెట్లే.

మా ఇల్లు అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో ఉంది. 1979లో నాన్న కట్టించారు. వాకిలి నుంచి వరండాకు రెండున్నర అడుగుల ఎత్తు. వరండాతో కలిపి అయిదు మెట్లు, ఒక్కొక్కటి ఆరంగుళాలు. బేసి సంఖ్యలోనే ఉండాలని నాయనమ్మ పట్టుబట్టిందట. కుడికాలితో ఎక్కడం మొదలుపెడితే వరండాలోనూ కుడికాలే పడుతుందని ఆవిడ లెక్క. ఆ మెట్ల మీద కూర్చునే నేను ఎక్కాలు బట్టీ పట్టాను. 1990ల చివర్లో అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయినప్పుడు, జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య అక్కడే కూర్చుని జిరాక్సు నోట్సు తిరగేసేవాళ్లు. అమ్మ వాళ్లకు చెంబుతో మంచినీళ్లు ఇచ్చేది. మైత్రీవనం దగ్గర ఒరాకిల్ నేర్చుకుని 2000 సెప్టెంబరులో నేనూ అమెరికా విమానం ఎక్కాను.

నేను బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు, ఆగస్టు 24న, మా పక్కనే ఉన్న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడింది. మా సందులో నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయి. సర్దిన సూట్‌కేసులన్నీ నాన్న మంచం మీదకు ఎక్కించారు. ఆ తర్వాత కొత్త రోడ్డు వేశారు, పాత రోడ్డు తీయకుండా దాని మీదే. రోడ్డు లేస్తే వాకిలి పల్లమవుతుంది. చినుకు పడితే చాలు, నీళ్లు గేటు కింద నుంచి లోపలికి వచ్చేస్తాయి. అందుకని నాన్న మట్టి కొట్టించి వాకిలిని నాలుగంగుళాలు పెంచారు, షాబాద్ బండలు పరిపించారు. 2012లో సందుకు సిమెంటు రోడ్డు పడింది, అదీ పాతదాని నెత్తినే. నాన్న వాకిలిని మళ్లీ అయిదంగుళాలు పెంచారు. మెట్ల జోలికి మాత్రం రెండుసార్లూ పోలేదు. అవి బాగానే ఉన్నాయి కదా అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ప్రతి రెండేళ్లకూ వెళ్లి ఎక్కి దిగాను, ఒక్కసారీ కొలిచి చూడలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి బేగంపేటలో మళ్లీ 19 సెంటీమీటర్లు కురిసింది. అప్పటికి నాన్న లేరు. అమ్మ ఒక్కతే వరండాలో నిలబడి వీడియో కాల్‌లో నీళ్లు చూపించింది. వరండాకు జానెడు కింద ఆగాయి. కరోనా రోజులు, వెంటనే వెళ్లే దారి లేదు. తెల్లవార్లూ ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూ కూర్చున్నాను. ఆ నీళ్లకు మెట్ల అంచులు మరీ దెబ్బతిన్నాయి. పగులులోకి తడి దిగి, లోపలి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా ఊడదీసింది.

ఈ మే నెలాఖరులో మూడు వారాల సెలవు పెట్టి వెళ్లాను. కట్టు విప్పిన చెయ్యి ఇంకా బిగుసుకుపోయి ఉంది. ఒక సాయంత్రం పంజాగుట్టలో డాక్టరుగారికి చూపించాలి.   అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. 2017 నవంబరులో మెట్రో మొదలైనా అమ్మ ఎక్కడం అదే మొదటిసారి. పంజాగుట్టలో లిఫ్టు వెతుకుతుంటే వద్దంది. కడ్డీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, కింద ఆగి, "ఇవి చూడకుండానే దిగొచ్చే. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి" అంది.

ఇంటికి రాగానే టేపు తీసుకుని కూర్చున్నాను. నాన్న కట్టించిన అడుగుమెట్టు పూర్తిగా నేలలోకి పోయింది. రెండోది సగం పూడిపోయి మూడంగుళాలు మిగిలింది. పైవి మూడూ ఆరేసి అంగుళాలు. అమ్మ పడింది ఆ మూడంగుళాల మెట్టు దగ్గర. పెచ్చులూడిన అంచు పైమెట్టుది, అక్కడ ఆమె ఎప్పుడూ జాగ్రత్తగానే దిగేది. మసక వెలుతురులో కాలు ఆరంగుళాల కింద నేల ఉంటుందని దిగింది, మూడంగుళాలకే నేల తగిలింది. ఒళ్లంతా కుదిలి ముందుకు తూలింది. విరిగిన మెట్టు కంటికి కనిపిస్తుంది కాబట్టి చూసి అడుగేస్తాం. కురచ మెట్టు కనిపించదు. కాలు నమ్మిన ఎత్తు అక్కడ ఉండదు.

ఇది నాకు తట్టిన కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో ఇళ్లకు వర్తించే కోడ్‌లో, ఒక వరుసలోని మెట్ల మధ్య ఎత్తు తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు దాటకూడదని రాసి ఉంటుంది. అంటే చిటికెన వేలి మందం కూడా లేదు. నాలుగో అంతకన్నా ఎక్కువో మెట్లుంటే పట్టుకోవడానికి కడ్డీ ఉండి తీరాలి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించకూడదని, కాలు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. కట్టిన రోజున మా మెట్లు ఎత్తు లెక్కలో సరిగ్గానే ఉన్నాయి. కట్టిన ఇరవై, ముప్పై ఏళ్లకు నేల పైకి లేస్తుందని ఏ కోడ్ ఊహిస్తుంది?

అన్నయ్య ఒక మేస్త్రిని తీసుకొచ్చాడు. పాలమూరు మనిషి. అయిదో తరగతి వయసులో తల్లిదండ్రులతో పాటు ఆనకట్టల పనులకు రాష్ట్రాలు దాటి తిరిగాడట. మెట్ల ముందు గొంతు కూర్చుని, మూడంగుళాల మెట్టు మీద అరచెయ్యి పెట్టి, "అమ్మను పడగొట్టింది గిదేనా అక్కా?" అన్నాడు. నేనేమీ చెప్పకముందే. "జల్ది షురూ చేద్దాం. ఎల్లమ్మ కల్యాణం దగ్గరికొస్తే ఈ సందులకు కంకర బండి రాదు." నిజమే. ఆషాఢంలో మంగళవారం నాడు జరిగే ఆ కల్యాణానికి చుట్టుపక్కల దారులన్నీ మూసేస్తారు. బావిలో, నేలమట్టానికి సుమారు పదడుగుల కింద వెలసిన ఆ తల్లి దగ్గరికి ఊరంతా దిగి వస్తుంది.

ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేస్తే అపార్ట్‌మెంటూ లిఫ్టూ వస్తాయి, ఈ బాధ ఉండదని ఇద్దరు ముగ్గురు బంధువులు చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు, నేను రెండోసారి అడగలేదు. నల్ల గ్రానైట్ వేయించమని ఇంకొకరు. నునుపు గ్రానైట్ మీద వాన చినుకు పడితే పాతికేళ్లవాళ్లే జారతారు, ఒకసారి మణికట్టు విరిగిన మనిషి ఉన్న గుమ్మంలో అది వద్దన్నాను. కాంక్రీటే వేయించాలని నిశ్చయించాం.

ఇరవయ్యొక్క అంగుళాల ఎత్తును అయిదు భాగాలు చేస్తే ఒక్కో మెట్టు నాలుగంగుళాల పైచిల్లర. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? నాయనమ్మ బేసి సంఖ్యా నిలబడింది. కాలు పెట్టే చోటు పద్నాలుగంగుళాలు, పాదం మొత్తం ఆని ఇంకా మిగిలేలా. వాకిట్లో మరో అడుగు జాగా పోయింది, కరివేపాకు కుండీని పక్కకు జరిపాం.

పగలగొట్టడానికి ఒక పూట పట్టింది. సమ్మెట దెబ్బకు ఊడిన ముక్కను మేస్త్రి నా చేతికిచ్చాడు. ఇసుకలో చిన్న చిన్న నత్తగుల్లలు, గోరు కంటే చిన్నవి, తెల్లగా మెరుస్తున్నాయి. "వాగు ఇసుకక్కా. ఇప్పుడు దొరకదు" అన్నాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది రాయిని పిండిచేసిన రోబో శాండ్, బూడిద రంగు. ఆ ముక్కను కడిగి అమ్మ తులసికోట దగ్గర పెట్టింది. మిగతా శిథిలాలను బండిలో పంపించాం. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఇలాంటి వ్యర్థాలను దంచి మళ్లీ కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంట్లున్నాయి.

మాలు కలిపేటప్పుడు ఒక్కచోట మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్లు కంకర, అంతవరకూ పేచీ లేదు. కూలీలు పని సులువు కావాలని నీళ్లు ఇంకో బకెట్ పోయబోయారు. జారుగా ఉంటే పరవడం తేలికే, కానీ ఎక్కువైన నీళ్లు ఆరిపోయిన చోట సన్నని ఖాళీలు మిగిలి, మళ్లీ తడి దిగేది వాటిలోంచే. మేస్త్రి నా మొహం చూసి బకెట్ పక్కన పెట్టించాడు. రసమట్టం పెట్టి, వాకిలి వైపు కొద్దిగా వాలు ఇచ్చాడు, నీళ్లు నిలవకుండా.

పైన చీపురుతో గీతలు గీయమని అడిగాను. నేపర్‌విల్‌లో ప్రతి ఇంటి ముందూ నడకదారికి అలాగే గీస్తారు, కాలు జారకుండా. కొబ్బరి చీపురు అమ్మ ఇచ్చింది, కానీ అంతలోనే ఆమెకు దిగులు పట్టుకుంది. "గీతల మీద ముగ్గు ఎలా నిలుస్తుందే?" నాకు అసలు ఆ ఆలోచనే రాలేదు. మేస్త్రి కాసేపు చూసి, కాలు ఆనే మధ్య భాగంలోనే గీతలు గీశాడు. రెండు కొసల్లో జానెడు జానెడు మేరనూ, మెట్ల నిలువు ముఖాలనూ తాపీతో అద్దంలా నునుపు చేశాడు. ఇప్పుడు అమ్మ అక్కడ జాజు పూసి ముగ్గులు వేస్తోంది.

నేపర్‌విల్‌లో మా ఇంటి మెట్లు మార్చినప్పుడు, మంచు కోసం చల్లిన ఉప్పు ఏళ్ల తరబడి తిన్న వాటిని తీసేసి, ఫ్యాక్టరీలో పోసిన మెట్లను ట్రక్కులో తెచ్చి మధ్యాహ్నానికి దించి వెళ్లిపోయారు. వాటికి నీళ్లు పట్టే పని లేదు. అమ్మ ఇంటి మెట్లను మాత్రం వారం తడిపితే చాలన్నాడు మేస్త్రి. బస్తా మీద చూస్తే బూడిద కలిపిన పీపీసీ సిమెంటు. అలాంటిదానికి ఎండల్లో పద్నాలుగు రోజులు తడపడం మంచిదని మన కాంక్రీటు కోడ్ చెబుతుంది. గోనెసంచులు కప్పి, రోజుకు నాలుగుసార్లు తడిపాం. వచ్చేపోయేదంతా పెరటి గుమ్మం నుంచే. విరిగిన చెయ్యికి వ్యాయామం అంటూ అమ్మ ఎడంచేత్తో పైపు పట్టి, కుడిచేత్తో సంచులు సర్దేది. వద్దంటే వినలేదు.

కడ్డీల దగ్గర పెద్ద గొడవే అయింది. "ఆసుపత్రిలా ఉంటుంది, ముసలిదాని కొంప అనుకుంటారు" అంది అమ్మ. మెట్రో మెట్లు గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే లేచి చెప్పులు వేసుకుని మేస్త్రి ముందు నిలబడింది. చెయ్యి సహజంగా ఎక్కడ ఆగితే అక్కడ అతను సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. ఆ ఎత్తుకే రెండు వైపులా స్టీలు కడ్డీలు వచ్చాయి.

వెళ్లేముందు మేస్త్రి గేటు దగ్గర ఆగి రోడ్డు వైపు చూశాడు. "మెట్లు మంచిగున్నయక్కా. రోడ్డు మళ్లా లేస్తే మాత్రం నేనేం చేయలేను."

అందుకే ఇది రాస్తున్నాను. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు టేపు పట్టుకుని మీ అమ్మానాన్నల గుమ్మం ముందు కూర్చోండి. ప్రతి మెట్టూ కొలవండి, ముఖ్యంగా అడుగుది. మిగతావాటికన్నా కురచగా ఉంటే వాయిదా వేయకుండా అన్నీ తీసి మళ్లీ కట్టించండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. మీ సందులో కొత్త రోడ్డు వేయడానికి వచ్చిన రోజున, పాతది తవ్వి తీశాకే వేయమని కాలనీ అంతా కలిసి అడగండి.