రికార్డు పక్కన ఖాళీ

బేస్‌బాల్ మన ఆట కాదు. అయినా అంకెలంటే పడిచచ్చే నాబోటివాడికి ఆ రికార్డులు పట్టుకుంటే వదలబుద్ధి కాదు. 1961లో రోజర్ మారిస్ ఒక్క సీజన్లో 61 హోమ్‌రన్లు కొడితే, ఆ రికార్డు 37 ఏళ్లు నిలిచింది. 1998లో మార్క్ మెగ్వయిర్ 70, 2001లో బారీ బాండ్స్ 73 కొట్టారు. అమెరికా ఊగిపోయింది. తీరా 2010లో మెగ్వయిర్ స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు. బాండ్స్ మాత్రం తెలిసి వాడలేదన్నాడు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లు 2022 దాకా పదేళ్లూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

సూదిమందు బంతిని కొట్టదు గదా, కొట్టేది మనిషే గదా అంటారు కొందరు. నిజమే. కాని అది కండ పెంచుతుంది, అలసిన ఒంటిని త్వరగా తేరుకోనిస్తుంది. మేజర్ లీగుల్లో శిక్షలుండే పరీక్షలేమో 2004లో గాని మొదలవలేదు.

మన కాలేజీ స్పోర్ట్సులో ఎప్పుడూ నాలుగోస్థానం నాదే కనుక కాబోలు, నా మనసు ఇంకోడివైపు పోతుంది - మందు ముట్టకుండా ఆడి, ఆ కండలముందు నిలవలేక జట్టులో చోటు పోగొట్టుకున్నవాడి వైపు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. 73ని చెరిపెయ్యమనను. చెరిపినా వాడి చోటు వాడికి తిరిగిరాదు. ఆ అంకె చదివినప్పుడల్లా వాణ్ణి కూడా ఒకసారి తలుచుకుందాం, మిత్రులారా!