చలి ముందా, జ్వరం ముందా?

సంచికకు ఏదైనా రాయమంటే ముందు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాం. కానీ గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చిన మాకు చదువుకు అడ్డుపడింది పేదరికం ఒక్కటే కాదు, చలిజ్వరం కూడా. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మాతో కూర్చుని చదివిన కొందరు వానాకాలంలో జ్వరంతో ఇంటికెళ్లి మళ్లీ బడికి రాలేదు. అందుకే దాని గురించే రాస్తున్నాం.

ఒళ్లు కాలితే మన అవ్వలు ముందు అడిగేది ఇదే: "చలి పుట్టి కాగిందా, ఊరికే కాగిందా? రోజూ వస్తోందా, రోజు విడిచి రోజా?" చైనా వైద్యులూ ఇదే అడిగారు. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన 'షాంగ్‌హాన్ లున్' గ్రంథం జ్వరాలను ఇలాంటి గుర్తులతోనే విడదీసింది. చలి, జ్వరం కలిసి ఉంటే రోగం ఇంకా ఒంటి పైపైనే ఉందని, ఒకటి పోయి ఒకటి వస్తుంటే గుమ్మంలో నిలబడిందని, చలి లేకుండా జ్వరమే ఉంటే లోపలికి దిగిందని ఆ వైద్యం లెక్క. మన ఆయుర్వేదం కూడా విడిచి విడిచి వచ్చేదాన్ని విషమజ్వరం అంది. అందులో రోజు విడిచి రోజు వచ్చేది తృతీయకం.

కారణం మాత్రం తరువాత తెలిసింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఈ క్రిమి మన ఎర్ర రక్తకణాల్లో పెరుగుతుంది. వైవాక్స్ రకంలో సుమారు 48 గంటలకోసారి ఆ కణాలు పగులుతాయి. అప్పుడు మెదడు ఒంటి వేడి పెంచమంటుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. అందుకే ఒళ్లు కాగుతున్నా మనకు చలి వేస్తుంది. తరువాత చెమట పట్టి దిగిపోతుంది. అవ్వ చెప్పే 'రోజు విడిచి రోజు' ఈ 48 గంటలే!

మోసం కూడా ఇక్కడే ఉంది. మధ్యలో బాగున్న రోజు చూసి తగ్గిపోయిందనుకుంటాం. పైగా ఫాల్సిపారం రకం చాలాసార్లు ఏ లెక్కకూ లొంగదు. అదే మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. కాబట్టి గుర్తు అనుమానం వరకే, తేల్చేది రక్తపరీక్ష.

అలాగని పెద్దల మాటను కొట్టిపారేయకూడదు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే చైనా పండితుడు ఈ జ్వరానికి చింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్నాడు. మరిగించమనలేదు. ఆ ఒక్క మాట చదివిన తూ యూయూ, వేడికి మందు గుణం పోతోందేమోనని ఆలోచించి, 1971లో తక్కువ వేడిలో సారం తీసింది. అదే ఆర్టిమిసినిన్‌కు దారి. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకాన్ని ఆమె గుడ్డిగా నమ్మలేదు, నవ్వి పారేయనూ లేదు. పరీక్షించి చూసింది.

మనమూ అలాగే ఉండాలి. అవ్వ ఇచ్చిన నేలవేము కషాయం తాగితే తాగండి, దిసారి దగ్గరకు వెళ్తే వెళ్లండి. కానీ అదే రోజు ఆశా కార్యకర్త దగ్గరో, భద్రగిరి ఆసుపత్రిలోనో వేలి రక్తం ఇవ్వండి. ఎప్పుడు చలి పుట్టింది, ఎన్ని రోజులైంది అన్నది సిగ్గుపడకుండా చెప్పండి. వైవాక్స్ అని తేలితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గగానే మానేయకండి. క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తరువాత మళ్లీ లేస్తుంది. ఫాల్సిపారానికి వేరే మందు, అందులో ఆర్టిమిసినిన్ జాతి మందే ఉంటుంది. దోమతెర కట్టుకోండి. మురికి గుంటల్లోనే కాదు, మన కొండ గెడ్డల మంచినీళ్లలోనూ మలేరియా దోమ పుడుతుంది.

వానాకాలంలో పక్క మంచం తమ్ముడు దుప్పటి కప్పుకుని వణుకుతుంటే వార్డెన్ గారికి చెప్పడం చాడీ కాదు, సాయం. వచ్చే వార్షికోత్సవానికి మీ గదిలో ఒక్క మంచం కూడా ఖాళీ కాకూడదని మా కోరిక.