కోరిక వేఱు, ఊహ వేఱు

జరుగబోవుదానిని ముందుగా ఊహించి చెప్పుట మన యాడువారికి నిత్యకృత్యము. ఉదయమున మబ్బు పట్టిన తీరు చూచి నాడు వడియములు పెట్టవచ్చునో లేదో చెప్పుదుము. పెండ్లిచూపులకు వచ్చినవారు కాఫీ త్రాగి లేచిన తీరును బట్టి ఆ సంబంధము కుదురునో లేదో గ్రహింతుము. అయినను మన యూహ ఫలించినప్పుడు "ఏదో అదృష్టము" అందురు; తప్పినప్పుడు "ఆడువారి మాట అంతే గదా" అందురు. "నీవట్లు ఎందువలన అనుకొంటివి?" అని అడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్న మా యింట పుట్టినది సినిమా బహుమానముల మూలమున. అది యెట్లు జరిగినదో విన్నవించెదము.

2023వ సంవత్సరము జనవరి 24వ తేదీన అమెరికాలోని చలనచిత్ర అకాడమీవారు ఆ యేటి ఆస్కారు బహుమానములకు పోటీలో నిలిచినవారి పేళ్లు ప్రకటించిరి. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని ‘నాటు నాటు’ ఉత్తమగీతముల వరుసలో నున్నదని తెలిసినది మొదలు మా వీథిలో వేఱు మాట లేదు. కీరవాణిగారు స్వరపఱచి, చంద్రబోసుగారు వ్రాసిన మన తెలుగు పాట గదా! మా అత్తగారు, మా బావగారు, మా ఆడుబిడ్డ, ఎదురింటి అమ్మగారు, ఎవరికి తోచినట్లు వారు జోస్యము చెప్పసాగిరి. నోటిమాటగా చెప్పిన జోస్యము మఱునాటికి రూపు మాఱును. కావున మేము పిల్లల నోటుపుస్తకమొకటి తీసికొని వ్రాతపని మీద వేసికొంటిమి. లెక్క వ్రాయువారు ఆటలో చేరరాదు గనుక మా ఊహను మాత్రము అందులో చేర్పలేదు.

పుటకు నాలుగు గడులు గీసితిమి. మొదటిది కోరిక, రెండవది ఊహ, మూడవది హేతువు, నాలుగవది ఫలము. ఎవరు గెలువవలెనని మనసున నున్నదో అది కోరిక. ఎవరు గెలుతురని బుద్ధికి తోచునో అది ఊహ. ఈ రెంటిని వేర్వేఱు గడులలో నుంచుటకు కారణమున్నది. భారతమున ద్యూతసభలో ధృతరాష్ట్రుడు తనవారు గెలిచిరా యని మాటిమాటికి అడుగుచుండెనే గాని, ఆ గెలుపు దేనికి దారి తీయునో ఊహింపలేకపోయెను. విదురుడు హేతువులు చెప్పెను, వినువారు లేకపోయిరి. కోరిక కన్నులను గప్పినచోట ఊహకు చోటు లేదు.

మొదటి దినమున ‘నాటు నాటు’ వరుసలో అందఱి కోరికయు, అందఱి ఊహయు ఒక్కటియే. హేతువేమని అడుగగా "మనది గనుక" అని వ్రాయించిరి. మా ఆడుబిడ్డ మాత్రము అట్లు వ్రాయింపలేదు. అప్పుడామె బి.ఎస్.సి. మొదటి సంవత్సరము చదువుచుండెను. "ఈ పాటకు జనవరి 10న గోల్డెన్ గ్లోబు వచ్చినది, 15న విమర్శకుల బహుమానము వచ్చినది. పోటీలో లేడీ గాగా, రిహానా వంటి పెద్దపేళ్లు ఉన్నను వారి పాటలకు ఆ రెండును రాలేదు" అని వ్రాయించెను. మా బావగారు నవ్వి "ఫలము ఒక్కటే అయినప్పుడు ఇంత వ్రాత యెందులకు?" అనిరి.

వ్రాత యెందులకో నటీనటుల వరుసలకు వచ్చునప్పటికి తెలిసినది. ఈ బహుమానములను నిర్ణయించువారు ఏ పదిమంది పండితులో కారు. అకాడమీ సభ్యులైన సినిమావారే వోట్లు వేయుదురు; 2023లో వారు తొమ్మిదివేలకు పైబడి యుండిరి. పోటీకి పేళ్లను ఎంచునప్పుడు నటులను నటులు, ఛాయాగ్రాహకులను ఛాయాగ్రాహకులు ఎంచుదురు. తుదివోటు మాత్రము అన్ని శాఖలవారును వేయుదురు. శాఖలన్నిటిలో నటుల శాఖ పెద్దది. మా ఆడుబిడ్డ దీనిని తెలిసికొని, "వదినా, ఏ నటి గొప్పది యని చూచిన లాభము లేదు. వోటు వేయువారెవరో, వారివంటివారే ఇటీవల ఎవరికి పట్టము గట్టిరో చూడవలెను" అనెను.

ఉత్తమనటి వరుసలో కేట్ బ్లాంచెట్‌కు అప్పటికే విమర్శకుల బహుమానము, బ్రిటిషు అకాడమీ బహుమానము లభించి యుండెను. సహాయనటి వరుసలో ఏంజెలా బాసెట్‌కు గోల్డెన్ గ్లోబు, విమర్శకుల బహుమానము వచ్చినవి. అయితే ఫిబ్రవరి 26న అమెరికా నటీనటుల సంఘమువారు మిషెల్ యోకును, జేమీ లీ కర్టిస్‌కును బహుమానములిచ్చిరి. మా బావగారు, ఎక్కువ బహుమానములు పొందినవారే గెలుతురని బ్లాంచెట్, బాసెట్ పేళ్లు వ్రాయించిరి. మా ఆడుబిడ్డ కోరికగడిలో బాసెట్ పేరే వ్రాయించినది. ఊహగడిలో మాత్రము యో, కర్టిస్ పేళ్లు వ్రాయించి, నటీనటుల సంఘములోని వారనేకులు అకాడమీలోను ఉన్నారని హేతువు చెప్పినది. తాను కోరినది ఒకటి, జరుగునని తలచినది వేఱొకటి అని ఒప్పుకొన్నది ఆ పుస్తకమున ఆమె యొక్కతెయే.

మన దేశమున మార్చి 13వ తేదీ సోమవారము ఉదయమున ఫలములు తెలిసినవి. ‘నాటు నాటు’ గెలిచినది. ఒక భారతీయ చిత్రములోని పాటకు ఆస్కారు వచ్చుట అదే మొదలు. 2009లో రహమానుగారికి బహుమానము తెచ్చిన ‘జయ్ హో’ బ్రిటిషువారి చిత్రములోనిది. ఏనుగు పిల్లలను పెంచిన తమిళదేశపు దంపతుల కథ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ లఘుచిత్రములలో గెలిచినది. మిషెల్ యో గెలిచినది, జేమీ లీ కర్టిస్ గెలిచినది. యో తన ప్రసంగమున, మీ మంచికాలము గడచిపోయినదని ఎవరు చెప్పినను నమ్మవద్దని స్త్రీలకు చెప్పినదట. ఆమెకప్పుడు అఱువదేండ్లు. ఈ మాట విని మా అత్తగారు రెండుమాఱులు చెప్పించుకొనిరి.

మార్కులు వేయుమని పుస్తకమును మావారికి ఇచ్చితిమి. వారు బడిలో లెక్కలు చెప్పుదురు. జవాబు తప్పైనను లెక్క చేసిన విధమునకు మార్కులిచ్చుట వారి పద్ధతి. "మనది గనుక" అన్నవారికి జవాబుకు మాత్రమే మార్కు వచ్చినది, విధమునకు సున్న. ఎదురింటి అమ్మగారు, సండాన్సులోను కాన్‌లోను బహుమానములు పొందిన మనదేశపు ‘ఆల్ దట్ బ్రీద్స్’ దీర్ఘచిత్రమునకు ఆస్కారు వచ్చునని వ్రాయించిరి. అది ‘నవాల్నీ’ అను చిత్రమునకు పోయినది. అయినను ఆమె హేతువు హేతువే గనుక విధమునకు మార్కు దక్కినది. మా బావగారికిని అట్లే. మా ఆడుబిడ్డకు రెంటికిని వచ్చినవి.

"పిల్లది అదృష్టవంతురాలు" అనిరి మా బావగారు.

"అన్నయ్యా, అదృష్టము ముందుగా హేతువు వ్రాసిపెట్టి రాదు గదా!" అనిరి మావారు.

అప్పుడు మాకు నలోపాఖ్యానములోని ఋతుపర్ణుని ముచ్చట తలపునకు వచ్చినది. రథముపై పోవుచు ఆ రాజు తానిచెట్టునొకదానిని చూచి దాని యాకులు, కాయలు ఇన్ని యని చెప్పెను. బాహుకరూపముననున్న నలుడు దానిని ఊరక మెచ్చుకొనలేదు. అదృష్టమని కొట్టివేయనూ లేదు. రథము నిలిపి దిగి, చెట్టును కూల్చి లెక్కపెట్టెను. లెక్క సరిపోయిన పిమ్మట, ఈ విద్య యెట్టిదో చెప్పుమని అడిగెను. అందువలననే ఆయనకు అక్షహృదయము లభించెను. మొదట లెక్క, పిమ్మట మెప్పు, ఆపైని ప్రశ్న. పరులయూహను మన్నించు క్రమమిదియే యని మాకు తోచినది.

అయితే మఱుసటియేడు కథ తిరిగినది. 2024లో నటీనటుల సంఘమువారు లిలీ గ్లాడ్‌స్టోన్‌కు బహుమానమిచ్చిరి. మా ఆడుబిడ్డ నిరుటి హేతువునే పట్టుకొని ఆమె పేరు వ్రాయించినది. ఆస్కారు ఎమ్మా స్టోన్‌కు వచ్చినది. బ్రిటిషు అకాడమీ బహుమానము పొందినది ఆమెయే. "చూచితిరా, నిరుడు అదృష్టమే!" అని మా బావగారు కాఫీ త్రాగుచు నలుగురిలో అనిరి. ఆ పిల్ల మొగము చిన్నవోయినది, కాని వాదింపలేదు. పుస్తకము తెచ్చి ఫలము గడి క్రింద "అకాడమీలో ఇతరదేశముల సభ్యులు పెరుగుచున్నారు; బ్రిటిషువారిని గూడ చూడవలెను" అని స్వయముగా వ్రాసికొన్నది. 

2025లో ఆ రెండు సంఘములును మఱల భిన్నమార్గములు పట్టినవి. ఉత్తమనటి, ఉత్తమనటుడు అనుచోట్ల నటీనటుల సంఘమువారు డెమీ మూర్‌ను, టిమోతీ షాలమేను ఎంచిరి; బ్రిటిషువారు మైకీ మాడిసన్‌ను, ఏడ్రియన్ బ్రోడీని ఎంచిరి. మా ఆడుబిడ్డ ఈ మాఱు బ్రిటిషువారివైపు మ్రొగ్గినది. మార్చి 3వ తేదీ ఉదయమున చూడగా మాడిసన్, బ్రోడీ ఇరువురును గెలిచిరి.

ఆనాడు మా బావగారే "ఇకమీదట బ్రిటిషువారినే నమ్మవలెనన్నమాట" అనిరి. ఆ పిల్ల "అట్లు గాదు, పెద్దన్నయ్యా" అని కాగితముపై లెక్క వేసి చూపినది. మూడేండ్లలో నటీనటులకిచ్చిన ఆస్కారులు ఏటికి నాలుగు చొప్పున పండ్రెండు. వానిలో నటీనటుల సంఘము ఎంపికతో సరిపోయినవి 2023లో నాలుగు, 2024లో మూడు, 2025లో రెండు: మొత్తము తొమ్మిది. బ్రిటిషు అకాడమీతో సరిపోయినవి 2023లో ఒక్కటియు లేదు, 2024లో నాలుగు, 2025లో నాలుగు: మొత్తము ఎనిమిది. "ఒకమాఱు తప్పినదని హేతువును పాఱవేయరాదు, రెండుమాఱులు నెగ్గినదని పూజింపరాదు. పండ్రెండు లెక్కలతో నియమము తేలదు, ఇంకను చూడవలెను" అనెను. మా బావగారు ఆ కాగితమును చాలసేపు చూచిరి.

ఇది ఆటతో పోయినచో మేమింత వ్రాయకుందుము. ఆ వేసవిలో ఆమె బి.ఎస్.సి. ముగిసినది. విశాఖపట్టణములో గణాంకశాస్త్రము చదువవలెనని ఆమె తలంపు. దూరపు ఊరు, హాస్టలు కాపురము, వ్యయము అని పెద్దలు సందేహించిరి. వెనుకటి రోజులలోనైనచో రెండు కన్నీటిబొట్లు, రెండు కసరులు, అంతటితో సరి. ఈమాఱు ఆ పిల్ల మా నోటుపుస్తకములో క్రొత్తపుట తీసి నాలుగు గడులు గీసినది. కోరికగడిలో చదువు, ఊహగడిలో తనకు సీటు వచ్చుననియు, ఇంత ఖర్చగుననియు, హేతువుగడిలో తన మార్కులు, ప్రవేశపరీక్ష తీరు, హాస్టలు రుసుము వ్రాసి, మా బావగారి ముందుంచినది. ఆయన కన్నులజోడు తుడుచుకొని చదివి, "ఈ యంకె ఎందువలన అనుకొంటివమ్మా?" అని అడిగిరి. ఆ ప్రశ్న ఆయన నోట రాగా మేము వంటయింటి గడపలో నిలిచి వింటిమి. తగవు లేక గంటసేపు మాటలు సాగినవి. ఖర్చు అంకెను ఆయన రెండుచోట్ల దిద్దిరి, చదువును కాదనలేదు. ఆమె ఇప్పుడు విశాఖపట్టణమున చదువుచున్నది.

సోదరీమణులారా! వచ్చు ఆస్కారు వేళకు మీరును ఒక పుస్తకము పెట్టుడు. ఆస్కారులే కానక్కఱలేదు, మన జాతీయచలనచిత్ర పురస్కారములైనను సరియే. ఆడపిల్లలచేత ముఖ్యముగా వ్రాయింపుడు. కోరికను దాచుకొనుమని చెప్పవద్దు. దానికొక గడి ఉండనే యున్నది. ఊహను దానితో కలుపవద్దని మాత్రము చెప్పుడు. హేతువుగడి ఖాళీగా విడువనీయకుడు. పోటీ ముగిసిన పిమ్మట పుస్తకమును మూల పడవేయక, ఫలమును ఎదుట పెట్టుకొని ప్రతివారి హేతువును చదివి వినిపింపుడు. గెలుపోటములు ఒకనాటి వేడుక. తన తలంపునకు కారణము చెప్పగల పిల్లకును, ఆ కారణమును అడిగి వినగల పెద్దలకును ఆ యలవాటు బహుకాలము పనికివచ్చును.