దేవుడు ఒక్కడేనని పొరుగువాడు చెప్పినప్పుడు



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మన సంఘముల బిడ్డలు అనేకులు హైదరాబాదులోని హైటెక్ సిటీకి ఉద్యోగములకై వెళ్లుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారు ఇట్లడుగుచున్నారు: "అయ్యగారూ, నాతో గదిలోనుండు స్నేహితుడు బోనాలప్పుడు పెద్దమ్మతల్లి గుడికి పోవును. అమెరికా వీసా కావలెనని చిలుకూరు బాలాజీ గుడి చుట్టు 11 ప్రదక్షిణములు చేసెను. అది వచ్చిన తరువాత మరల వెళ్లి 108 చేసెను. అయినను దేవుడు ఒక్కడే అనుచున్నాడు. అతడు అబద్ధమాడుచున్నాడా?"

లేదు, ఆడుటలేదు. (ఆ చిలుకూరు గుడిలో హుండీ లేదట. మన సంఘ పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.)

"వారికి ముప్పదిమూడు కోట్ల దేవతలు" అని నవ్వుట మనలో కొందరికి అలవాటు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ అతని మతమును గూర్చి మాటలాడునప్పుడు కూడ వర్తించును. బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడను పండితుడు దేవతలెందరని యాజ్ఞవల్క్యుని అడుగును. మొదట 3306 అని జవాబు. మరల మరల అడుగగా ఆ లెక్క 33కు, 6కు, 3కు, 2కు, ఒకటిన్నరకు కూడ దిగి, తుదకు ఒక్కటియొద్ద నిలుచును. ఆ పెద్ద సంఖ్య 33 దేవతల మహిమలు మాత్రమేనని అక్కడనే వివరణ కలదు. కాబట్టి మీ బిడ్డ స్నేహితుడు తన ఇష్టదైవమును కొలుచుచు, ఆ ఒక్కనినే కొలుచుచున్నానని చెప్పుట ప్రాచీనమైన మాటయే.

అయితే హిందువులందరు ఒకే రీతిగా చెప్పుదురని తలంపకుడి. పరమసత్యమునకు గుణములు లేవు, ఆత్మ దానికి వేరు కాదు అని శంకరుని బోధ. ఆ ఒక్కడు కల్యాణగుణములు గల నారాయణుడు, ఆత్మ ఆయనకు చెందినదే గాని ఆయనయే కాదు అని రామానుజుని బోధ. ఇక తలమీద బోనమెత్తుకొని నడచు తల్లి ఈ రెంటిని తలంచుచుండకపోవచ్చును; తన బిడ్డకు జబ్బు రాకూడదని అమ్మకు అన్నము తెచ్చుచున్నది.

"మీకు ముగ్గురు దేవుళ్లు గదా" అని ఎవరైన అన్నయెడల మన మనస్సు నొచ్చుకొనును. తండ్రి కుమార పరిశుద్ధాత్మలు ఒక్క దేవుడేనని మనము చెప్పుచుండగా వారు తుదివరకు వినవలెనని కోరుదుము. అట్లని ఈ రెండు ఒక్కటే అనుటకు నేను ఒప్పుకొనను. త్రిత్వము మనము ఏరుకొను మూడు రూపములు కాదు. దేవునికి చెల్లవలసిన ఆరాధన మరి దేనికిని చెల్లదని మన విశ్వాసము. పౌలు కూడ ఏథెన్సులో ఊరక ఒప్పుకొనలేదు. అయినను అరేయొపగులో మాటలాడక మునుపు ఆ పట్టణమంతయు తిరిగి, వారి బలిపీఠముమీది వ్రాతను చదివెను.

మీ బిడ్డ ఆ స్నేహితుని ఈ ప్రశ్న అడుగవచ్చును: "నీవు చెప్పు ఆ ఒక్కడు నిన్ను పేరుపెట్టి ఎరుగునా?" శంకరుని మార్గమువాడు ఒక విధముగాను, రామానుజుని మార్గమువాడు వేరొక విధముగాను ఉత్తరమిచ్చును. అది పూర్తిగా వినిన పిమ్మట, తప్పిపోయిన కుమారునికి ఎదురుగా పరుగెత్తిన తండ్రిని గూర్చి తాను చెప్పవచ్చును. ఒక్క సాయంకాలములో ఈ మాటలు ముగియవు. ఒకే గదిలో ఉండువారు గనుక మరునాడు కూడ మాటలాడుకొనవచ్చును.