నిప్పుల మీద కాల్చుకునే తిండి

మన గోడపత్రికలో వంటల గురించి రాయమంటే అందరూ పులిహోర, గారెలు, సేమియా పాయసం రాస్తున్నారు. వాటికి గిన్నె కావాలి, నూనె కావాలి, పొయ్యి కావాలి. నాకు తెలిసినవి గిన్నె లేని వంటలు. చేను గట్టు మీద నాలుగు పిడకలు, ఒక అగ్గిపెట్టె, ఇంత ఉప్పుకారం పొట్లం ఉంటే చాలు. ఇవన్నీ మా తండాలో మా దాది దగ్గర నేర్చుకున్నవి.

దాది చెప్పే మొదటి మాట, మంట మీద ఏదీ కాల్చొద్దని. మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగనే ఉంటది. మంట ఆరి, నిప్పు ఎర్రగై, దాని మీద తెల్లటి బూడిద పొర కమ్మేదాకా ఆగాలె. ఆకలి మీద ఉన్నోళ్లకు ఇదే కష్టం! మక్క కంకిని పొట్టంతా ఒలిచి కాల్చేవాళ్లే ఎక్కువ. మేము పై పొట్టు తీసి, లోపలి పల్చటి పొర రెండు వరుసలు ఉంచుతం. గింజ ఎండిపోకుండా తన నీళ్లతోనే ఉడుకుతుంది. తర్వాత ఆ పొర తీసేసి ఒక్కసారి నిప్పుల మీద తిప్పితే చాలు.

సీతాఫలం కూడా కాల్చుకోవచ్చంటే మా తరగతిలో కొందరు నవ్విండ్రు. పండింది కాదు, కాయ. కళ్లు విచ్చి సందుల్లో తెల్లగ కనబడితే కాయ ముదిరినట్టు. దాన్ని వేడి బూడిదలో పూడ్చి పెడితే పైన నల్లగై, లోపల మెత్తగ వెన్నలాగ అవుతుంది. గింజలు మాత్రం నమలొద్దు, ఊంచెయ్యాలె. ఆ గింజల పొడి కంట్లో పడితే కళ్లకే ప్రమాదం.

చెరువు ఎండేటప్పుడు కొర్రమీను దొరికితే ఆ రోజు పండుగే. కడుపు శుభ్రం చేసి, ఉప్పు, కారం, పసుపు, దంచిన ఎల్లిపాయ పట్టించి, మోదుగ ఆకుల్లో చుట్టి నారతో కట్టి నిప్పుల పక్కన బూడిదలో పెడతం. పై ఆకు కాలిపోయినా లోపలి ఆకు పచ్చిగనే ఉండాలె. అందుకే మూడు వరుసల ఆకు చుట్టాలె.

ఇవన్నీ ఒక ఎత్తు, ఊసబియ్యం ఒక ఎత్తు. జొన్న కంకి పాలు పోసుకుని కొంచెం గట్టిపడేటప్పుడు, ఇంకా పచ్చగ ఉన్నప్పుడే కొయ్యాలె. గోటితో నొక్కితే పాలు చిమ్మితే ఇంకా తొందర. గింజ నొక్కుకుపోకుంటే ఆలస్యమైనట్టు. ఈ మధ్యలో కొన్ని రోజులే ఉంటయి. చిన్న గుంత తవ్వి, పిడకల నిప్పు చేసి, కంకులు అందులో పెట్టి పైన బూడిద కప్పుతం. టప్ టప్ మని చప్పుడు మొదలుకాగానే తియ్యాలె. అరచేతుల్లో వేడివేడిగ నలిపి, చాటలో చెరిగితే పచ్చటి గింజలు మిగులుతయి. కొందరు బెల్లంతో తింటరు. నాకైతే ఎల్లిపాయ కారమే. మహారాష్ట్రలో దీన్ని హుర్డా అంటరు. అక్కడ చలికాలంలో పట్నం వాళ్లు డబ్బులిచ్చి చేలకు వచ్చి మరీ తింటరట!

ఇక నిప్పు ఏ కట్టెది అన్నది చూడాలె. తుమ్మ నిప్పు చాలాసేపు నిలుస్తది. వేప పొగ చేదు. గన్నేరు అసలే వద్దు. రోడ్ల మధ్యలో, బళ్లలో పూల కోసం పెంచుతరు కాని ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషమే. గన్నేరు పుల్లకు గుచ్చి ఏదీ కాల్చకండి. చిన్న తరగతుల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ముఖ్యంగా చెప్తున్న.

పత్తి కట్టె కూడా దాది ముట్టదు. పత్తి మీద కొట్టిన పురుగుల మందు ఆకు మీదనే ఆగదు, కట్టె మీదా పడుతుంది. ఆ నిప్పు మీద కాల్చిన కంకి ఎవరిచ్చినా వద్దంటది. కాని ఇప్పుడు మా తండా చుట్టూ ఎటు చూసినా పత్తే. వాన తగ్గినంక చేలల్లో దొరికేది పత్తి కట్టెనే. పిడకలు చేద్దామంటే ఎడ్లు తగ్గినయి. జొన్న ఉంటే చొప్ప ఉంటది, చొప్ప ఉంటే ఎడ్లు ఉంటయి, ఎడ్లు ఉంటే పిడకలు ఉంటయి. పత్తి కట్టెను ఏ ఎద్దు తింటది?

2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. జొన్న కూడా అందులో ఉందని సారు చెప్తే సెలవులకు పోయినప్పుడు దాదికి చెప్పిన. "సంవత్సరం నాకెందుకురా, నాలుగు సాళ్లు చాలు" అన్నది. ఆ నాలుగు సాళ్ల గురించే ప్రతి వానకాలం ఇంట్లో పంచాయితీ. బాపు చెప్పేదీ అబద్ధం కాదు. పత్తి అమ్మితేనే అప్పు కట్టేది, మా బట్టలు, పుస్తకాలు వచ్చేది. పైగా ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు అందరి చేలల్లో కొంచెం కొంచెం తినేవి. ఇప్పుడు మనమొక్కరమే వేస్తే ఊరి పిచ్చుకలు, రామచిలుకలు అన్నీ మన నాలుగు సాళ్ల మీదనే వాలుతయి అంటడు. ఒక ఏడు నిజంగా అట్లనే అయింది. కంకులన్నీ ఉత్త బెండ్లే మిగిలినయి. దాది ఆ బెండ్లను కూడా పారెయ్యలేదు, ఎండబెట్టి పొయ్యిలకు వాడింది.

ఈసారి ఇంటికి ఉత్తరంలో రాసిన. జొన్న వేస్తే కంకి పాలు పోసుకునే రోజులు దసరా సెలవుల్లో పడతయి, మంచె మీద ఒడిసెల పట్టుకుని నేనే కూర్చుంటనని. యాడి సరేనన్నదట. బాపు మాత్రం ఇంకా జవాబు రాయలేదు.