అంచు లెక్క



తెలుగు పండితుడికి కంప్యూటరులోని చతుర్భుజాలతో పనేమిటని మీరడుగవచ్చు. ఇంజినీరింగు చదువుతున్న మా మనవరాలు సెలవులకు లేపాక్షి వచ్చినందువల్ల ఆ పని నాకు తగిలింది. ఇక్కడి వీరభద్రాలయ నాట్యమండపంలో సుమారు 70 స్తంభాలున్నాయి. వాటిలో ఒకటి నేలకు పూర్తిగా ఆనదనీ, యాత్రికులు దాని క్రిందుగా గుడ్డను దూర్చి లాగి చూస్తారనీ మీరు వినే ఉంటారు. అచ్యుతదేవరాయల పాలనలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. అటువంటి స్తంభం పైనున్న రాతికప్పులో బరువు ఏ దారిన పోతుందో గణించి చూపాలని మా మనవరాలి సంకల్పం.

ఆమె వాడిన పద్ధతిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఆ పేరును 1960లో రే క్లఫ్ అనే ఆచార్యుడు వాడుకలోకి తెచ్చాడు. వస్తువును చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సమీకరణాలు వ్రాసి, అన్నిటినీ కలిపి సాధిస్తారు. ఆ ముక్కల అల్లికయే మెష్. త్రిభుజాలైతే ఏ ఆకారంలోనైనా ఒదుగుతాయి. కాని సాధారణ త్రిభుజం వంగవలసినచోట బిర్రబిగుసుకొని, రాయి ఉన్నదానికన్న గట్టిదన్నట్టు జవాబిస్తుంది. చతుర్భుజాలు తక్కువ సంఖ్యలోనే మెరుగైన ఫలితాన్నిస్తాయి. కనుక ఆమె అన్నీ చతుర్భుజాలే కావాలని పట్టుబట్టింది.

సాఫ్టువేరు మాత్రం ప్రతిసారీ ఎక్కడో ఒక త్రిభుజాన్ని మిగిల్చేది. ముక్కల పరిమాణం తగ్గిస్తే అది మరొక మూలకు పోయేది. బిందువులను జరిపితే ఇంకొక చోట తేలేది.

"ఎన్ని తూర్లు చేసినా ఇది పోతాలేదు తాతా," అన్నది రెండవనాటి సాయంత్రం.

చెడిన పద్యం చేతికి వస్తే మేము మొదట పదాల సొగసు చూడము, అక్షరాలు లెక్కబెడతాము. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలుండాలి. 19 మాత్రమే ఉన్నచోట ఎంత మంచి పదాన్ని అటునిటు జరిపినా పాదం నిలువదు. ఆ అలవాటుకొద్దీ, "చుట్టూ అంచున ఎన్ని ముక్కలు వచ్చినాయమ్మా?" అని అడిగాను.

లెక్కపెట్టింది. కప్పు నాలుగు వైపులా 8, 6, 8, 5, మొత్తం 27. స్తంభం తగిలేచోటును రంధ్రంగా వదిలింది గనుక దాని చుట్టూ మరొక 12. వెరసి 39. కాసేపు ఊరకుండి, కాగితం తీసుకొని తానే నాకు పాఠం చెప్పింది.

ప్రతి చతుర్భుజానికి 4 భుజాలు. కాబట్టి అన్నిటి భుజాలనూ కూడితే వచ్చేది సరిసంఖ్యే. లోపలి భుజం ఇరుగుపొరుగు ముక్కలు రెండింటికీ చెందినది, కనుక రెండుసార్లు లెక్కకు వస్తుంది. అంచుభుజం ఒక్కసారే వస్తుంది. సరిసంఖ్యలోనుండి సరిసంఖ్య తీసివేస్తే మిగిలేదీ సరిసంఖ్యే. అంచున 39 ఉన్నంతవరకు ఏ సాఫ్టువేరూ, ఏ మేధావీ అక్కడ అన్నీ చతుర్భుజాలే పరచలేడు. లోపల ఎంత సవరించినా త్రిభుజం చోటు మారిందేగాని పోకపోవడానికి కారణమిదే. కొంచెం పొట్టిగా గీసిన ఒక వైపున 5 బదులు 6 చేసింది. మొత్తం 40 అయింది. త్రిభుజం మాయమైంది.

ఇంతటితో అయిపోలేదు. సరిసంఖ్య ఉంటే చతుర్భుజాలు సాధ్యమని అర్థమేగాని, చక్కగా వస్తాయన్న హామీ లేదు. ఒక ముక్కలో ఒక మూల 180 డిగ్రీలు మించి లోపలికి నొక్కుకొనిపోయింది. అప్పుడు జాకోబియన్ అనే రాశి అక్కడ రుణాత్మకమై గణన ఆగిపోతుందట. కప్పును ముందుగానే నాలుగేసి వైపులున్న భాగాలుగా గీతలతో విడదీసి, ఎదురెదురు వైపులకు సమానసంఖ్య ఇస్తే అదీ సర్దుకున్నది. అంచునుండి వరుసవరుసగా లోపలికి చతుర్భుజాలను పేర్చుకుంటూ పోయే పద్ధతి ఒకటున్నదట. 1991లో బ్లాకర్, స్టీఫెన్సన్ అనేవారు దానికి పేవింగ్ అని పేరు పెట్టారు. అంటే బండపరుపే కదా! గుడి ప్రాంగణంలో పుట్టి పెరిగినవాడికి ఆ మాట పరాయిదనిపించలేదు.

చివరకు రంగుల చిత్రం వచ్చింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయి, స్తంభం రహస్యం తేలిపోయిందన్నారు. మనవరాలు మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నది. రంధ్రం అంచున స్తంభం కప్పును మోస్తున్నదని చెబితే ఒక చిత్రం వచ్చింది. మోయడంలేదు, పైనుండి వేలాడుతున్నదని చెబితే మరొకటి వచ్చింది. రెండూ అంతే అందంగా, ఏ తప్పూ చూపకుండా వచ్చాయి. స్తంభం మోస్తున్నదో లేదో సాఫ్టువేరు చెప్పలేదు; ఆమె చెప్పినదానినే రంగులు వేసి తిరిగి చూపింది. పైగా రంధ్రం కోణాలవద్ద ముక్కలను చిన్నవి చేసేకొద్దీ ఒత్తిడి అంకె పెరుగుతూనే పోయింది, ఎక్కడా నిలువలేదు. అది రాతి గుణం కాదనీ, గీతలో మొనదేలిన మూల గుణమనీ వివరించింది.

ఒక్క చిత్రమే చూపితే మార్కులు బాగా వస్తాయని స్నేహితులు ఆమెకు సలహా ఇచ్చారట. ఆమె రెండు చిత్రాలనూ ప్రక్కప్రక్కన పెట్టి, ఇవి ఊహించిన కొలతలేగాని గుడి కొలతలు కావనీ, వీటినిబట్టి వేలాడే స్తంభంపై తీర్పు చెప్పరాదనీ మొదటి పుటలోనే వ్రాసింది. నేను దిద్దినది రెండు అక్షరదోషాలు మాత్రమే.

మెష్ అనే మాటకు వల, జాలం, అల్లిక అని మూడు తోచాయి. వలకు చేపల వాసన, జాలానికి మాయ వాసన ఉన్నాయి. ధర్మవరం మగ్గాల దాపున ఉన్నవాడిని గనుక నా మొగ్గు అల్లికవైపే. ఇంతకన్న మంచి మాట తోచినవారు తప్పక తెలుపగలరు.